స్టీఫెన్స్ గ్రీన్‌లో అమ్మ అన్నం డబ్బా

పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా మౌస్ పట్టుకుని బతికేవాణ్ణి నేను. కానీ నిజం ఎలుకని దగ్గర్నుంచి చూసి ముప్ఫై ఏళ్లు దాటింది. అదంతా మా ఊళ్లో, చిన్నప్పటి మాట. మళ్లీ ఆ పరిచయం డబ్లిన్ నగరం నడిబొడ్డున, లువాస్ స్టాపుకి కూతవేటు దూరంలో, అదీ మా అమ్మ పక్కన కూర్చుని ఉండగా మొదలవుతుందని కలలో కూడా అనుకోలేదు.

2024 జూన్ నెల మధ్యలో అమ్మ మా ఇంటికి వచ్చింది. నాన్నగారు పోయాక ఆవిడ ఐర్లండ్ రావడం అదే మొదటిసారి. వీసా తొంభై రోజులు. అమ్మానాన్నల్ని ఇక్కడికి పిలిపించుకున్నవాళ్లకి ఆ తొంభై రోజులు ఎలా గడుస్తాయో నేను చెప్పక్కర్లేదు. మొదటి వారం ఊరగాయలు విప్పుకోవడం, కబుర్లు. రెండో వారం నుంచి మనం ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి, వాళ్లు కిటికీ దగ్గరికి. వీధిలో మనిషి అలికిడి ఉండదు. పక్కింటావిడ చక్కగా నవ్వుతుంది గానీ, ఆ నవ్వు తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియదు. "ఇంత నిశ్శబ్దంగా ఉంటే మీకు నిద్రెలా పడుతుందిరా?" అని అడిగేది అమ్మ.

జూలైలో సెలవులిచ్చాక మా అమ్మాయి వాళ్ల నానమ్మకి లువాస్ ఎక్కడం నేర్పింది. దానికి పదకొండేళ్లు. లీప్ కార్డు ఎక్కడ తాకించాలో, డండ్రంలో ఎటువైపు నిలబడాలో చూపించింది. ప్రతి స్టాపు పేరూ ఇంగ్లీషులోనూ ఐరిష్‌లోనూ చెప్తారు కదా, అమ్మకి ఇంగ్లీషు పేరుకంటే ఐరిష్ పేరే చెవిలో నిలిచిపోయింది. "అది వినిపించగానే దిగిపోవడమే కదే" అనేది. అలా ఇద్దరూ స్టీఫెన్స్ గ్రీన్‌లో దిగి, రోడ్డు దాటి, పార్కులో చెరువు దగ్గర బెంచీ మీద కూర్చునేవారు. మా ఆఫీసు అక్కడికి దగ్గరే. మధ్యాహ్నం నేనూ వెళ్లి వాళ్లతో కలిసి నా టిఫిన్ డబ్బా విప్పేవాణ్ణి.

అమ్మ చేతిలో ఇంకో డబ్బా ఉండేది. రాత్రి మిగిలిన అన్నం. అన్నం పరబ్రహ్మ స్వరూపం అని నమ్మే మనిషి. మా ఊళ్లో మిగిలిన మెతుకు కాకికో, పిచ్చుకకో, గుమ్మం ముందు పడుకున్న కుక్కకో చేరేది. ఇక్కడ మేం దాన్ని బ్రౌన్ బిన్‌లో వేస్తుంటే చూడలేకపోయింది. అందుకని పొడిపొడిగా చేసి డబ్బాలో పెట్టుకుని, చెరువులో బాతులకీ, గట్టు మీద పావురాలకీ, మధ్యలో దౌర్జన్యంగా వచ్చిపడే సీగల్స్‌కీ చల్లేది. పక్క బెంచీ మీద ఒక ఐరిష్ పెద్దావిడ సంచీలో రొట్టెముక్కలు తెచ్చుకునేది. ఆవిడకి తెలుగు రాదు, అమ్మకి ఇంగ్లీషు రాదు. అయినా పది రోజులు తిరిగేసరికి ఒకరి కోసం ఒకరు చోటు ఉంచుకునేంత స్నేహమైంది. ఐర్లండ్‌లో అమ్మకి అంటూ దొరికిన ఒకే ఒక్క మనిషి ఆవిడ.

జూలై చివర్లో ఒక మధ్యాహ్నం. మంచి ఎండ. అమ్మ అన్నం చల్లింది. పావురాలు దిగాయి. వాటి వెనకాల పొదలోంచి గోధుమరంగు ఎలుక ఒకటి తాపీగా వచ్చి, పావురాల పక్కనే కూర్చుని తన వాటా తాను తినడం మొదలుపెట్టింది. దాని వెనక ఇంకో రెండు. అమ్మ భయపడలేదు. "దానికీ ఆకలే కదరా పాపం" అంది. ఇంతలో ఆ దారిన పోతున్న ఒకావిడ కెవ్వున అరిచింది. తేరుకున్నాక అమ్మ చేతిలో డబ్బా వైపు చూసి, మీ దేశంలో చేసినట్టు ఇక్కడ చేస్తే ఎలా అని అర్థం వచ్చే మాట ఒకటి అనేసి వెళ్లిపోయింది.

అమ్మకి భాష రాకపోయినా గొంతు అర్థమవుతుంది. "ఏమంటోందిరా?" అంది. "ఎలుకని చూసి జడుసుకుందమ్మా" అన్నాను. మా అమ్మాయి నా మొహంలోకి చూసి తల దించుకుంది. దానికి రెండు భాషలూ వచ్చు.

ఆ రాత్రి అమ్మతో, "ఇక అక్కడ అన్నం వెయ్యకమ్మా, ఇక్కడ బాగోదు" అని ముక్తసరిగా చెప్పేశాను. అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు పార్కుకి వెళ్లలేదు. ఆ మర్నాడూ వెళ్లలేదు. నాలుగో రోజు మా ఆవిడ, "అత్తయ్యకి మీరేం చెప్పారు? మళ్లీ కిటికీ దగ్గరే కూర్చుంటున్నారు" అని నిలదీసింది. నాకు నిజంగా సిగ్గేసింది. ఎవరో అన్న మాట నాకు గుచ్చుకుంది. దాన్ని తీసుకెళ్లి అమ్మకి గుచ్చాను.

అసలు తప్పు ఎక్కడుందో చూద్దామని కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, సమస్య వస్తే ముందు మూలం వెతకడం అలవాటు.

ఈ గోధుమరంగు ఎలుక శాస్త్రీయ నామం రాట్టస్ నార్వెజికస్. అంటే నార్వే ఎలుక. 1769లో జాన్ బెర్కెన్‌హౌట్ అనే ఆయన దీనికి ఆ పేరు పెట్టాడు గానీ, దీనికీ నార్వేకీ ఏ సంబంధమూ లేదు. దీని పుట్టిల్లు ఆసియా ఖండం, చైనా ఉత్తర ప్రాంతం వైపు. పద్ధెనిమిదో శతాబ్దంలో ఓడలెక్కి ఐర్లండ్ చేరింది. అంటే వీసా లేకుండా మనకంటే మూడొందల ఏళ్ల ముందే వచ్చి స్థిరపడిన ఆసియా వాసి అన్నమాట! మా అమ్మాయి ఈ సంగతి విని తెగ నవ్వింది.

పిల్లలకి ఇంకో మాట కూడా చెప్పాలి. ఇంగ్లీషులో బాండికూట్ అనే మాట ఉంది. అది మన తెలుగు 'పందికొక్కు' లోంచి వెళ్లిందే. మన పందికొక్కుకి పెట్టుకున్న ఆ పేరునే తర్వాత ఆస్ట్రేలియాలోని వేరే జంతువుకి కూడా పెట్టేశారు. ఇంగ్లీషుకి మనం ఇచ్చిన మాటల్లో ఒకటి ఎలుక జాతిదని చెప్పుకోవడం గొప్పో కాదో మీరే తేల్చుకోండి.

ఇక లెక్కలు. ఆడ ఎలుక మూడు వారాలు మోసి ఈనుతుంది. పుట్టిన పిల్లలు రెండు మూడు నెలలకే మళ్లీ పిల్లల్ని పెట్టే వయసుకి వస్తాయి. ఒక్కో ఎలుకకి రోజుకి ముప్ఫై గ్రాముల లోపు తిండి చాలు. బాతులు తినగా గట్టు మీద మిగిలిన గుప్పెడు అన్నంతో ఒక ఎలుకకి ఆ పూట గడిచిపోతుంది. ఎలుకలు సాధారణంగా చీకటి పడ్డాక తిరుగుతాయి. పట్టపగలు మనుషుల మధ్య తిరుగుతున్నాయంటే అక్కడ తిండికి కొదవ లేదని, లేదా వాటి సంఖ్య బాగా పెరిగిందని అర్థం.

పార్కుకి ఆనుకుని లువాస్ స్టాపు ఉంది. 2004 జూన్ 30న గ్రీన్ లైన్ మొదలైంది అక్కడి నుంచే. 2017 డిసెంబరులో దాన్ని నగరం అవతలి వైపుకి పొడిగించాక రద్దీ ఇంకా పెరిగింది. ట్రామ్ కోసం నిలబడి చిప్స్ తినేవాళ్లు, సగం తిన్న శాండ్‌విచ్ బెంచీ మీద వదిలేసి పరిగెత్తేవాళ్లు, శనివారం రాత్రి పబ్బుల నుంచి తిరిగొస్తూ బర్గర్ పొట్లాలు జారవిడిచేవాళ్లు. నగరం మధ్యలో చక్రాల బిన్నులకి చోటు లేని వీధుల్లో అప్పట్లో చెత్త సంచుల్ని వీధిలోనే పెట్టేవారు. వాటిని సీగల్స్ చింపేవి. ఇంత విందు మధ్యలో మా అమ్మ డబ్బా ఎంత? కానీ విందులో అదీ ఒక వడ్డనే. అది కాదని నేను అనలేకపోయాను.

ఇంకో సంగతి తెలిసి నా మనసు కొంత కుదుటపడింది. ఈ పార్కుని 1880లో ప్రజలకి తెరిచారు. దానికి డబ్బు పెట్టింది గిన్నిస్ కుటుంబానికి చెందిన ఆర్థర్ గిన్నిస్. 1916 ఈస్టర్ తిరుగుబాటులో మైకేల్ మాలిన్, కౌంటెస్ మార్కీవిచ్ నాయకత్వంలో ఐరిష్ సిటిజన్ ఆర్మీ ఈ పార్కులో కందకాలు తవ్వుకుని నిలిచింది. బ్రిటిష్ సైన్యం ఎదురుగా షెల్‌బోర్న్ హోటల్ మీద నుంచి కాల్పులు జరిపింది. అంతటి పోరులోనూ పార్కు సంరక్షకుడు జేమ్స్ కియర్నీ బాతులకి తిండి వెయ్యడం కోసం రోజూ రెండు పక్షాలవాళ్లూ కాసేపు తుపాకులు దించేవారు. బాతులకి తిండి పెట్టడం ఇక్కడివాళ్లకి అంత ముఖ్యం! అంటే మా అమ్మ చేసింది వాళ్లకి తెలియని వింత పనేం కాదు.

ఐదో రోజు శనివారం. బతిమాలి అమ్మని మళ్లీ పార్కుకి తీసుకెళ్లాను. డబ్బా లేకుండానే వచ్చింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అక్కడ పాదులు బాగుచేస్తున్న తోటమాలి ఒకాయన కనిపిస్తే ఎలుకల సంగతి అడిగాను. ఆయన విసుక్కోలేదు. పొదల వెనక్కి పిలిచి నేలలో బొరియలు చూపించాడు.

అమ్మ వంగి చూసింది. ఒక్కసారిగా ఆవిడ గొంతు మారిపోయింది. "ఇది పాత కలుగురా, సాలెగూడు పట్టింది. ఇందులో ఏమీ లేవు. ఇదిగో ఇది చూడు, మట్టి తాజాగా తోడింది, అంచు నున్నగా అరిగింది. ఇందులో ఉన్నాయి. దీనికి ఎక్కడో రెండో దారి ఉంటుంది" అంటూ చెట్టు వెనక్కి నడిచి, ఆ రెండో దారిని వేలితో చూపించింది. నేను ఇంగ్లీషులో చెప్పాను. తోటమాలి కళ్లు పెద్దవి చేసి, "ఆవిడ ఏం పని చేసేవారు?" అని అడిగాడు. "వ్యవసాయం" అన్నాను. నలభై ఏళ్లు దివిసీమలో వరి పండించిన మనిషి. ఆ మాట ఈ దేశంలో ఎవరితోనైనా చెప్పడం నాకు అదే మొదటిసారి.

"ఒరేయ్, ఆయనకి చెప్పు. ఈ సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసెయ్యమను. రేపొద్దున ఏవి తెరుచుకుంటే వాటిల్లోనే ఎలుకలున్నట్టు. మందు పెట్టినా మాకైనా వాటికే పెట్టాలి" అంది అమ్మ. ఆయన నవ్వేశాడు. కన్నంలో కాగితమో ఆకులో కుక్కి మర్నాడు చూడటం వాళ్లకీ తెలిసిన పద్ధతేనట.

తిరుగు ప్రయాణంలో లువాస్‌లో అమ్మ మా అమ్మాయికి ఊరి కథలు చెప్పింది. వరి పాలు పోసుకునే వేళకి ఎలుకలు దుబ్బులు కొరికేసేవి. అప్పుడు బుట్టలవాళ్లు వచ్చేవారు. విల్లులా వంచిన వెదురు బద్ద ఉన్న బుట్టలో వడ్లగింజలు ఎరవేసి, సాయంత్రం గట్ల వెంట పెట్టి, తెల్లారి చచ్చిన ఎలుకల్ని లెక్కపెట్టి ఎలుకకింత అని డబ్బు తీసుకునేవారు. నెల్లూరు వైపు యానాదులు కలుగుల్లో పొగపెట్టి పట్టేవారు. ఇప్పుడైతే వ్యవసాయ శాఖవాళ్లు నూకల్లో నూనె, మందు కలిపి పొట్లాలు కట్టి ఊరంతటిచేత ఒకేసారి పెట్టిస్తున్నారు. దాన్ని సామూహిక ఎలుకల నివారణ అంటారు.

"ఊరంతా ఒకేసారి ఎందుకు నానమ్మా?" అంది మా అమ్మాయి.

"మన చేలో ఒక్కదాంట్లో పెడితే మిగిలినవి పక్క చేలోకి పోతాయి. వాళ్లు పెట్టే రోజుకి మన చేలోకి తిరిగొస్తాయి. గట్టు మనకి గానీ ఎలుకకి కాదు కదే!"

నేను ఇంటర్నెట్‌లో రెండు రాత్రులు చదివిందంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఐర్లండ్‌లో ఎలుకల మీద 1919 నాటి చట్టం ఇప్పటికీ ఉంది. ఇల్లు గానీ స్థలం గానీ ఎవరి ఆధీనంలో ఉంటే అక్కడి ఎలుకల బాధ్యత వాళ్లదే. చట్టం గట్టు గీసింది. ఎలుకకి ఆ గట్టు తెలియదు. పార్కు ఒకరిది, స్టాపు ఒకరిది, రోడ్డు ఒకరిది, పక్కన హోటళ్లు ఇంకొకరివి. అందరూ కలిస్తే తప్ప పని జరగదు.

మందు సంగతీ చెప్పాలి. ఎలుకకి అనుమానం ఎక్కువ. కొత్త వస్తువు కనిపిస్తే కొన్ని రోజులు దాని జోలికి పోదు. కొత్త తిండి అయితే కొంచెం కొరికి చూసి ఆగుతుంది. వెంటనే జబ్బు చేస్తే మళ్లీ ముట్టదు. అందుకే తిన్న కొన్ని రోజులకి గానీ పని చెయ్యని మందులు వచ్చాయి. వీటిలో మొదట పేరు పొందింది వార్ఫరిన్. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం, బూజు పట్టిన గడ్డి తిన్న పశువులు రక్తం గడ్డకట్టక ఎందుకు చనిపోతున్నాయో పరిశోధించి ఈ దారి కనుక్కుంది. 1948లో అది ఎలుకల మందుగా వచ్చింది. తర్వాత కొద్ది ఏళ్లకే మనుషులకి రక్తం పల్చబడే మాత్రగానూ మారింది. ఈ మాట చదివి వినిపించగానే అమ్మ ఉలిక్కిపడింది. గుండె వాల్వు ఆపరేషన్ అయ్యాక మా నాన్నగారు రోజూ వేసుకున్న మాత్ర అదే. "అయితే మీ నాన్నగారికి నేను రోజూ చేత్తో ఇచ్చింది ఎలుకల మందా!" అని ముందు నోరు నొక్కుకుంది. తర్వాత నవ్వింది. ఆయన పోయాక ఆయన గురించి చెబుతూ అమ్మ నవ్వడం అదే మొదటిసారి.

ఇప్పుడు ఎక్కువగా వాడేవి వార్ఫరిన్ తర్వాతి తరం మందులు. మన పొలాల్లో పెట్టే బ్రోమడయోలోన్ ఇక్కడ కూడా ఉంది. ఇవి ఎలుకతో ఆగవు. మందు తిన్న ఎలుకని తిన్న గుడ్లగూబ శరీరంలోకీ చేరతాయి. ఐర్లండ్‌లో అసలే తగ్గిపోయిన బార్న్ ఔల్ అనే తెల్ల గుడ్లగూబల్ని పరీక్షిస్తే చాలావాటిలో ఈ మందుల ఆనవాళ్లు దొరికాయి. మన రైతులు పొలాల్లో కర్రలు పాతి పక్షి స్థావరాలు పెట్టేది రాత్రి గుడ్లగూబ వచ్చి వాలి ఎలుకని పడుతుందనే కదా. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు, ఎలుకని చంపబోయి ఎలుకల శత్రువునే చంపుకుంటే ఎలా? అందుకే మందు చివరి మెట్టు. మొదటి మెట్టు తిండి దొరక్కుండా చెయ్యడం, రెండోది కన్నాలు మూయడం.

ఆ తర్వాత అమ్మ రోజూ పార్కుకి వెళ్లింది, ఖాళీ చేతులతోనే. ఇంట్లో అన్నం కొలిచి వండటం మొదలుపెట్టింది. మిగిలితే మర్నాడు చిత్రాన్నమో, దద్ధ్యోజనమో. మిగిలింది ఉండి ఉండి బ్రౌన్ బిన్‌లో వెయ్యాల్సి వస్తే మాత్రం మమ్మల్నే వెయ్యమనేది. తన చేత్తో వెయ్యలేకపోయింది.

మిగిలింది పక్క బెంచీ పెద్దావిడ. ఆవిడ రొట్టె తెస్తూనే ఉంది. అమ్మ మా అమ్మాయిని మధ్యవర్తిగా పెట్టుకుని ఆవిడకి బొరియలు చూపించింది. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తన చిన్నతనంలో వాళ్ల నాన్న ఆదివారాలు ఈ చెరువు దగ్గరికే తీసుకొచ్చి రొట్టె వేయించేవాడని చెప్పింది. మా అమ్మాయి ఆ మాట తెలుగులో చెప్పగానే అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మానెయ్యమని చెప్పకే. కొంచెమే తెచ్చి, నీళ్లలో బాతు నోటి దగ్గరే వేసి, గట్టు మీద పడింది ఏరేద్దామని చెప్పు" అంది. అలాగే చేశారు. ఆగస్టంతా వీళ్లిద్దరూ వంగి గట్టు మీద ముక్కలు ఏరి కాగితంలో చుట్టి బిన్‌లో వెయ్యడం నేను చూశాను. ఎలుకలు పూర్తిగా పోయాయని చెప్పను. పగటిపూట ఆ బెంచీల దగ్గర మాత్రం నాకు మళ్లీ కనిపించలేదు.

సెప్టెంబరు 7న వినాయకచవితి. మా అమ్మాయి మట్టి వినాయకుణ్ణి చేసి, పక్కన ఎలుకని చేసి, దాని ముందు ఒక ఉండ్రాయి పెట్టింది. "నానమ్మా, అక్కడేమో తిండి పెట్టకూడదన్నావు, ఇక్కడ పెట్టొచ్చా?" అంది. "పెట్టొచ్చు. పూజయ్యాక ఎత్తి తినెయ్. రాత్రికి అక్కడ వదలకు" అంది అమ్మ.

ఆ తర్వాతి వారం అమ్మ ఊరికి వెళ్లిపోయింది. నేను ఇప్పటికీ మధ్యాహ్నం అప్పుడప్పుడు ఆ బెంచీ దగ్గరికి వెళ్తాను. పెద్దావిడ కనిపిస్తే అమ్మ ఎలా ఉందని అడుగుతుంది. అమ్మ ఫోన్లో ఆవిడ ఎలా ఉందని అడుగుతుంది.

ఈ పత్రిక చదివే కుటుంబాలకి చిన్న విన్నపం. మన పిక్నిక్‌లలో, వనభోజనాల్లో పార్కులో ఒక్క మెతుకు వదలకుండా ఎత్తుదాం. పెరట్లో పిట్టలకి గింజలు పెడితే రాత్రికి లోపలికి తెద్దాం. పిల్లలూ, తాళం వేసిన నల్ల డబ్బాలు గోడల వెంట కనిపిస్తే ముట్టుకోకండి, వాటిలో మందు ఉంటుంది. చెరువు నీళ్లలో ఆడితే చేతులు సబ్బుతో కడుక్కోండి. గాయం ఉంటే కట్టు లేకుండా దిగకండి. ఎలుక మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది.

పెద్దలకి ఇంకో మాట. మీ అమ్మగారో నాన్నగారో వచ్చినప్పుడు ఇక్కడ ఇది చెయ్యకూడదు అని చెప్పాల్సి రావచ్చు. చెప్పండి. కానీ ఎందుకో కూడా చెప్పండి. నేను మొదట చెయ్యనిది అదే. కారణం చెప్పి ఉంటే ఆ నాలుగు రోజులు మా అమ్మ కిటికీ దగ్గర కూర్చునేది కాదు.